ఇరవై ఏడు మార్కుల పిల్లలు

తెల్లవారుజామున సికింద్రాబాద్ జేబీఎస్ బస్‌స్టేషన్‌లో కరీంనగర్ వైపు పోయే బస్సెక్కండి. అల్వాల్, బొల్లారం దాటాక కాసేపటికి వైమానిక స్థావరం ప్రహరీగోడ కనిపిస్తుంది. "హకీంపేట, స్పోర్ట్స్ స్కూలోళ్ళు ముందుకు రండి" అని కండక్టరు కేకేస్తే బస్సులో సగం మంది లేస్తారు. ఒకాయన కొడుకు బూటు లేసులు విప్పి మళ్ళీ కడుతున్నాడు. పక్క సీట్లో తల్లి అరటిపండు ఒలిచి కూతురి నోటి దగ్గర పెడితే, ఆ పిల్ల మొహం తిప్పుకుని కిటికీలోంచి చూస్తోంది. పిల్లలందరికీ ఎనిమిది నిండి తొమ్మిది నిండని వయసు. మండలంలో నెగ్గి, జిల్లాలో నెగ్గి ఇక్కడిదాకా వచ్చారు.

మీరూ దిగండి. మెడలో స్టాప్‌వాచ్, చేతిలో క్లిప్పు పెట్టిన అట్ట, జేబులో రెండు పెన్నులు. ఈ ఒక్క పూటకు రాష్ట్రస్థాయి ఎంపికల్లో మార్కులు వేసే మనిషి మీరే అనుకోండి.

గేటు లోపల అడుగు పెట్టగానే ఈ చోటెంత పెద్దదో తెలుస్తుంది. శామీర్‌పేట మండలంలో 1993లో మొదలైన క్రీడా పాఠశాల ఇది. నాలుగో తరగతిలో చేర్చుకుంటారు. చదువు, తిండి, బట్ట, ఆట అన్నీ ప్రభుత్వానివే. స్టూవర్టుపురం నుంచి వచ్చిన రాగాల వెంకట రాహుల్ ఇక్కడే బరువులెత్తడం నేర్చాడు. 2014లో నాంజింగ్ యూత్ ఒలింపిక్స్‌లో వెండి పతకం, 2018లో గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల్లో 85 కిలోల విభాగంలో 338 కిలోలెత్తి బంగారు పతకం తెచ్చాడు. గేటు బయట నిలబడ్డ తల్లిదండ్రుల్లో చాలామందికి అతని పేరు తెలియకపోవచ్చు. ఈ గేటు దాటితే బిడ్డ బతుకు మారుతుందని మాత్రం అందరికీ తెలుసు.

మీ అట్ట మీద కాగితం చూడండి. తొమ్మిది గడులు. ఎత్తు, బరువు, 30 మీటర్ల ఫ్లయింగ్ స్టార్ట్, స్టాండింగ్ బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్, మెడిసిన్ బాల్, ఆరుసార్లు పది మీటర్ల షటిల్ రన్, ఒంటి వంపు, 800 మీటర్ల పరుగు. ఒక్కోదానికి మూడు మార్కులు, మొత్తం 27. పీఈటీ సార్లు వీటినే బ్యాటరీ టెస్టులంటారు. ఆ 27లో ఎన్ని వచ్చాయన్న దాని మీదే ఇంతమంది ఆశ వేలాడుతోంది.

మొదట ఎత్తు. గోడకు కొట్టిన కొలబద్ద దగ్గర పిల్లలు వరసగా నిలబడ్డారు. మడమలు గోడకు ఆనాలి, గడ్డం పైకెత్తకూడదు. 41వ నంబరు బాబు వచ్చాడు. 142 సెంటీమీటర్లు. వరసలో వాడి వెనకున్న వాళ్ళందరూ వాడి భుజం దగ్గర ఆగిపోయారు. మీ పక్కన కూర్చుని రాసే సారు అప్పుడే కళ్ళద్దాలు సర్దుకుని వాడి వంక ఇంకోసారి చూశాడు. నలుగురి తర్వాత 67 వచ్చాడు. 121. పాదాల వేళ్ళ మీద లేవబోతే మీరే భుజం మీద చెయ్యి వేసి దించారు.

తాడు అవతల నుంచి ఓ తండ్రి గొంతు. "సార్, మా పిల్లగాడు ఇంక పెరుగుతడు సార్. మా బామ్మర్దులందరు ఆరడుగులున్నరు."

"ఏ నెలల పుట్టిండు?"

"ఆగస్టు ఆఖర్న సార్."

ఈ జవాబును కాగితం మీద ఎక్కడైనా రాసుకోండి. దానికి గడి లేదు. ఎంపికలకు వయసు లెక్క సెప్టెంబరు ఒకటి నుంచి మరుసటి ఆగస్టు 31 దాకా. అంటే ఈ వరసలో సెప్టెంబరులో పుట్టినవాడు ఆగస్టులో పుట్టినవాడికంటే దాదాపు ఏడాది పెద్ద. నలభై ఏళ్ళవాళ్ళకు ఏడాది తేడా లెక్కలోకి రాదు. ఎనిమిదేళ్ళ ఒంటికి అది బతుకులో ఎనిమిదో వంతు. కెనడాలో ఐస్ హాకీ జట్ల పుట్టిన తేదీలు తీసి చూసిన మనస్తత్వవేత్త రోజర్ బార్న్స్‌లీ ఈ సంగతిని 1985లోనే చూపించాడు. అక్కడ వయసు లెక్క జనవరి ఒకటితో మొదలవుతుంది. మంచి జట్లలో జనవరి, ఫిబ్రవరి, మార్చి పిల్లలే కిక్కిరిసి ఉన్నారు. చిన్నప్పుడు ఒక పిసరు పెద్దగా ఉన్నందుకు ఎంపికయ్యారు. ఎంపికైనందుకు మంచి కోచింగ్ దొరికింది. కోచింగ్ దొరికినందుకు నిజంగానే మంచి ఆటగాళ్ళయ్యారు. తర్వాత వాళ్ళను చూపించి "చూశారా, మా ఎంపిక సరైనదే" అనడం తేలిక.

పైన శిక్షణ విమానం ఒకటి మోత పెడుతూ పోయింది. పిల్లలందరూ తలలెత్తారు. విజిల్.

30 మీటర్లు. ఫ్లయింగ్ స్టార్ట్ అంటే పిల్ల కొంచెం వెనక నుంచే ఉరుక్కుంటూ వచ్చి మొదటి సున్నం గీత దాటుతుంది. అప్పుడు మీ బొటనవేలు నొక్కాలి, రెండో గీత దగ్గర మళ్ళీ నొక్కాలి. బయలుదేరడంలో చురుకుదనం ఇక్కడ లెక్కకు రాదు, వట్టి వేగమే. మీ వాచీలో 5.1, పక్కనున్న సారు వాచీలో 5.3. పరిగెత్తింది ఒకే పిల్ల, 112వ నంబరు, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చింది, కాళ్ళకు బూట్లు లేవు. తేడా మీ ఇద్దరి బొటనవేళ్ళది. మార్కుల పట్టికలో ఒక్కోసారి ఆ మాత్రం తేడాకే గడి మారిపోతుంది. మీరిద్దరూ మొహాలు చూసుకుని సగటు వేశారు. పిల్ల అప్పటికే వెనక్కి నడిచిపోయింది.

బ్రాడ్ జంప్, వర్టికల్ జంప్ చకచకా అయిపోయాయి. మెడిసిన్ బాల్ కిలో బరువు. దాన్ని 41 ఎంత దూరం నెట్టాడంటే టేపు పట్టుకున్న సీనియర్ కుర్రాడు వెనక్కి నడవాల్సి వచ్చింది. ఒంటి వంపు పరీక్షలో ఆడపిల్లల చేతివేళ్ళు పాదాలు దాటి పోతుంటే మగపిల్లలు మోకాళ్ళు లేపి తంటాలు పడ్డారు.

అసలు చూడాల్సింది షటిల్ రన్. పది మీటర్ల దూరంలో రెండు గీతలు. ఒక గీత నుంచి ఇంకో గీతకు మొత్తం ఆరు పరుగులు. తల్లిదండ్రులు "ఉరుకు బిడ్డా, ఉరుకు" అని అరుస్తారు గానీ, ఈ పరీక్షలో ఉరకడం చిన్న పని. ఆగడం పెద్ద పని. గీత దగ్గర పడుతుండగా పిల్ల ఏం చేస్తుందో చూడండి. కొందరు నిటారుగా వచ్చి గీత దాటి రెండడుగులు జారి అప్పుడు తిరుగుతారు. కొందరు నడుము దగ్గర వంగుతారు. బరువంతా ముందుకు పడిపోయి చెయ్యి నేలకానిస్తారు. బహుకొద్దిమంది మాత్రం గీతకు రెండడుగుల ముందే మోకాళ్ళు మడిచి కిందికి కూర్చున్నట్టు దిగుతారు. ఒక కాలు పక్కకు తన్ని అదే ఊపులో వెనక్కి పోతారు. 67 అలా తిరిగాడు. అయిదుసార్లూ అలాగే తిరిగాడు. వాడి పొట్టి కాళ్ళకు సమయం మాత్రం మామూలుగానే వచ్చింది. 41 నడుము వంచి తిరిగి, పొడుగు అడుగులతో ఆ నష్టాన్ని పూడ్చుకున్నాడు. ఇద్దరికీ ఒకే మార్కు పడింది.

పది గంటలు దాటింది. 800కు ముందు కాసేపు విరామం. పిల్లలు చెట్టు కింద చేరి నీళ్ళు తాగుతున్నారు. మీరూ టీ తెచ్చుకోండి. ఈలోగా మరో దేశంలో ఇలాంటి మైదానం గురించి చెబుతాను.

అమెరికాలో ఇండియానాపోలిస్ అనే ఊరుంది. 1987 నుంచి అక్కడ దాదాపు ఏటా చలికాలం చివర్లో ఇలాగే టేపులు, వాచీలతో కొలతలు తీస్తారు. వచ్చేవాళ్ళు ఎనిమిదేళ్ళ పిల్లలు కాదు. కాలేజీ ఫుట్‌బాల్ ఆడి, వృత్తి ఆటలోకి పోవాలని చూసే కుర్రాళ్ళు. ఫుట్‌బాల్ అంటే మన కాలిబంతి కాదు, హెల్మెట్లు పెట్టుకుని ఢీకొట్టుకునే అమెరికా ఆట. అందులో అఫెన్సివ్ లైన్‌మన్ అనే స్థానం ఒకటి. జట్టుకు అయిదుగురు. వీళ్ళు ఆట మొత్తం మీద బంతి పట్టుకుని పరిగెత్తడం చాలా అరుదు. వెనక నుంచి బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్ మీదికి వచ్చే దేహాలను అడ్డుకోవడమే ముఖ్యమైన పని. మన కబడ్డీలో చేతులు పట్టుకుని గొలుసు కట్టిన డిఫెండర్లు గీత కాచినట్టే. కబడ్డీలో మగవాళ్ళకు 85 కిలోల పరిమితి ఉంటే, వీళ్ళు 140, 150 కిలోల మనుషులు.

2018లో ఒక్లహోమా యూనివర్సిటీ నుంచి ఆర్లాండో బ్రౌన్ జూనియర్ అనే లైన్‌మన్ అక్కడికి వచ్చాడు. ఆరడుగుల ఎనిమిది అంగుళాలు. తండ్రీ అదే స్థానంలో ఆడిన పేరున్నవాడు. ఈ కొలతలయ్యాక వృత్తి జట్లు రౌండ్లవారీగా ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. మొదటి రౌండులోనే అతన్ని ఎవరో ఒకరు ఎగరేసుకుపోతారని అందరూ అనుకున్నారు. 40 గజాలు పరిగెత్తమన్నారు, 5.85 సెకన్లు పట్టింది. 102 కిలోల బార్‌బెల్ ఎన్నిసార్లు ఎత్తుతావన్నారు, 14 దగ్గర ఆగిపోయాడు. ఎగరమన్నారు, 19.5 అంగుళాలు. అంత పెద్ద మనిషికి ఇంత నాసి లెక్కలా అని ఊరంతా ముక్కున వేలేసుకుంది. మొదటి రౌండు పోయింది, రెండో రౌండు పోయింది. మూడో రౌండులో 83వ వాడిగా బాల్టిమోర్ రేవెన్స్ తీసుకుంది. తర్వాత 2019 నుంచి 2022 దాకా వరసగా నాలుగేళ్ళు ఆ వృత్తి లీగులో అత్యుత్తమ ఆటగాళ్ళతో ఆడించే ప్రో బౌల్‌కు ఎంపికయ్యాడు. కాన్సాస్ సిటీ జట్టుతో లీగు ఫైనలైన సూపర్ బౌల్ కూడా గెలిచాడు.

వాచీ అబద్ధం చెప్పలేదు. 5.85 నిజంగా 5.85. ప్రశ్నే తప్పు. లైన్‌మన్ ఆటలో 40 గజాలు తిన్నగా పరిగెత్తే సందర్భం ఏడాదికి ఎన్నిసార్లు వస్తుంది? అతను చేయాల్సింది రెండు మూడు అడుగుల్లో వెనక్కి జరిగి, పొడుగాటి చేతులతో ఎదుటివాణ్ణి ఆపి, నిలబడటం. అందుకే బాగా చూడగల కోచ్‌లు లైన్‌మన్ మోకాళ్ళలో వంగుతున్నాడా, నడుములో వంగుతున్నాడా అని చూస్తారు. నడుములో వంగినవాణ్ణి లాగితే పడిపోతాడు. మోకాళ్ళలో కూర్చున్నవాడు కదలడు. ఇందాక షటిల్ గీత దగ్గర మీరు చూసిందీ అదే.

అదే ఏడాది అదే ఎంపికలో ఇంకో వింత. జోర్డాన్ మైలాటా అనే ఆస్ట్రేలియా కుర్రాడు రగ్బీ లీగ్ ఆడేవాడు. అమెరికన్ ఫుట్‌బాల్ మ్యాచి ఒక్కటి కూడా ఆడలేదు. ఫిలడెల్ఫియా ఈగల్స్ వాళ్ళు అతన్ని 233వ వాడిగా, అంటే చిట్టచివరి రౌండులో తీసుకున్నారు. మొదటి రెండేళ్ళూ అసలు మ్యాచిలో దించలేదు, కూర్చోబెట్టి నేర్పారు. 2025 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఎడమ చివర కాపలా అతనిదే. బ్రౌన్ విషయంలో కొలత చూసి ఆటను మరిచారు. మైలాటా విషయంలో ఆట లేకపోయినా ఒడ్డూపొడుగూ, ఆ ఒడ్డుతోనే అతను కదిలే తీరూ చూసి ఓపిక పట్టారు. నాకు రెండోదే హకీంపేటకు దగ్గరగా కనిపిస్తుంది. ఇక్కడికి వచ్చే పిల్లలకూ ఇంకా ఆట లేదు.

ఆ ఆట మన దాకా రాలేదనుకోకండి. 2011లో ఎలీట్ ఫుట్‌బాల్ లీగ్ ఆఫ్ ఇండియా అని ప్రకటించినప్పుడు హైదరాబాద్ స్కైకింగ్స్ అని మన పేరుతోనూ ఒక జట్టు పెట్టారు. కర్ట్ వార్నర్ లాంటి అమెరికా పెద్ద ఆటగాళ్ళు వెనక నిలబడ్డారు. 2012లో తొలి సీజన్ శ్రీలంకలో ఆడించారు. అనుకున్నంత సాగలేదు. సాగి ఉంటే ఈ చెట్టు కింద కూర్చున్న వాళ్ళలో ఒకరిద్దరి దారి అటు పోయేదేమో.

టీ అయిపోయింది. ట్రాక్ దగ్గరికి రండి.

800 అంటే రెండు చుట్లు. విజిల్ ఊదగానే అందరూ వంద మీటర్ల పందెంలా దూసుకుపోయారు. ఈ వయసులో ఎంత చెప్పినా వినరు. ముందు 41, వాడి వెనక గుంపు. మొదటి చుట్టు సగం కాకముందే ఒకడు డొక్క పట్టుకున్నాడు. ఇంకొకతి ఏడుస్తూనే ఉరుకుతోంది. తాడు అవతల తల్లిదండ్రులు పిల్లలతో పాటు ఉరుకుతూ "ముక్కుతోని గాలి గుంజు, ఆగకు, ఆగకు" అంటున్నారు. రెండో చుట్టు మొదలయ్యేసరికి 41 నడకలోకి దిగాడు. వాడి 38 కిలోలు వాడికే భారమయ్యాయి. 112 వాణ్ణి దాటింది, పక్కకు కూడా చూడలేదు. గీత దాటాక కింద పడిపోలేదు. పది అడుగులు నడిచి, తిరిగొచ్చి, ఏడుస్తూ వస్తున్న పిల్ల చెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయింది.

67 మధ్యలో వచ్చాడు. మొదటి చుట్టులో ఎంత సేపు పట్టిందో రెండో చుట్టులోనూ దాదాపు అంతే. ఆ సంగతి మీ వాచీలో ఉంది. కాగితంలో ఒక్క మొత్తం సమయం రాయడానికే చోటుంది.

ఇప్పుడు కూడికలు. 41కి ఎత్తు, బరువు, మెడిసిన్ బాల్‌లో నిండు మార్కులు, 800లో సున్నా. అయినా జాబితాలో పైన ఉన్నాడు. 112 హాయిగా వచ్చేసింది. 67 ఎంపిక గీతకు ఒక మార్కు కింద ఆగాడు.

పెన్ను మూత పెట్టకముందు నిజాయితీగా ఆలోచించండి. 41ని తీసుకోవడం తప్పా? కాదు. వాడి భుజాలూ పొడుగూ త్రోలకో, హ్యాండ్‌బాల్‌కో పనికొస్తాయి. బరువులెత్తేవాడికి 800 మీటర్ల పరుగుతో పని లేదు. ఎనిమిదేళ్ళకు ఏ పిల్ల ఏ ఆటకు పోతుందో తెలియదు కాబట్టి అందరికీ ఒకే తొమ్మిది పరీక్షలు పెట్టారు. వేలమందిని వడపోయాలంటే ఇంతకంటే నిక్కచ్చి పద్ధతి దొరకడం కష్టం. పైగా మార్కులున్న చోట సిఫారసు ఉత్తరాలకు చోటు తగ్గుతుంది. ఈ దేశంలో అది చిన్న లాభం కాదు. కంటితో చూసి ఎంచుకోండి అంటే, ఆ కన్ను ఎవరి పిల్లల మీద పడుతుందో మనకు తెలుసు. కరణం మల్లీశ్వరి సన్నగా ఉందని మొదట్లో వద్దన్నారనే కథ తెలుగు ఇళ్ళలో చాలామంది విన్నదే. అలా వద్దన్నది టేపు కాదు, మనిషి కన్నే. ఆమే 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చింది.

కాబట్టి టేపును తిట్టి లాభం లేదు. కానీ పుట్టిన నెలను లెక్కలోకి తేవచ్చు. ఆగస్టు పిల్లల కొలతను సెప్టెంబరు పిల్లల కొలతతో కాక, మూడేసి నెలల గుంపులుగా పోల్చవచ్చు. జనన ధ్రువపత్రం ఎలాగూ ప్రతి ఫైల్లోనూ ఉంది. దీనికి కొత్త యంత్రం అక్కర్లేదు, ఒక పట్టిక చాలు. తల్లి ఎత్తు, తండ్రి ఎత్తు కలిపి, మగపిల్లాడికైతే 13 సెంటీమీటర్లు చేర్చి, ఆడపిల్లకైతే తీసి, సగం చేస్తే పెద్దయ్యాక ఎంత పెరుగుతారో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. పిల్లల డాక్టర్లు రోజూ వేసే లెక్కే ఇది. 67 తండ్రి చెప్పిన ఆరడుగుల బామ్మర్దుల మాట వట్టి గొప్ప కాదు. పట్టించుకోదగ్గ సమాచారం.

గీతకు ఒకటి రెండు మార్కుల కింద ఆగినవాళ్ళను వారం రోజులు ఇక్కడే ఉంచి చూడటం ఇంకో మార్గం. వాళ్ళెలా తింటారు, చెప్పింది రెండో రోజు గుర్తుంచుకుంటారా, ఓడాక ఏం చేస్తారు అన్నది తెలుస్తుంది. గొంతుక్కూర్చోమంటే మడమలు లేవకుండా కూర్చుంటారా అని వెయిట్‌లిఫ్టింగ్ కోచ్ చూస్తాడు. మన పల్లె పిల్లలకు అది పుట్టుకతో వచ్చిన విద్య. ఇవేవీ ఒక్క పూటలో వాచీకి అందవు. నన్నడిగితే 67కి ఆ వారం ఇవ్వాలి. అయిదుసార్లు తిరిగి అయిదుసార్లూ మోకాళ్ళలోనే కూర్చున్న కుర్రాణ్ణి 121 సెంటీమీటర్లు అని ఇంటికి పంపడం, ఆర్లాండో బ్రౌన్‌ను 5.85 అని మూడో రౌండు దాకా వదిలేయడం లాంటిదే. తేడా ఒకటుంది. బ్రౌన్‌కు మూడో రౌండైనా ఉంది. నాలుగో తరగతి సీటుకు వయసు దాటితే ఇక్కడ రెండో రౌండు లేదు.

మేడ్చల్‌లోనో శామీర్‌పేటలోనో, ఇంకే జిల్లాలోనో మీ ఇంట్లో మూడో తరగతి చదివే పిల్ల ఉండి, సాయంత్రం దాకా గల్లీలో ఉరుకుతూనే ఉంటే, నోటిఫికేషన్ పడగానే మండల ఎంపికలకు తీసుకుపోండి. జనన ధ్రువపత్రం, ఆధార్, స్టడీ సర్టిఫికెట్ ముందే సిద్ధం చేసుకోండి. పుట్టిన తేదీ దిద్దించే పని మాత్రం పెట్టుకోవద్దు. ముందురోజు 800 మీటర్లు ఉరికించి కాళ్ళు నొప్పులు పుట్టించకండి. రెండు చుట్లలో మొదటిది మెల్లగా ఉరకాలని ఒక్క ముక్క చెప్పండి, అంతే చాలు. ఎంపిక కాకపోతే, ఏ పరీక్షలో ఎన్ని మార్కులొచ్చాయో అడిగి రాసుకుని రండి.